దిబ్బడేసిన ముక్కు

నవంబర్ 10, సోమవారం

జలుబు ముదిరింది. ముక్కు దిబ్బడేసింది. కళ్ల కింద, చెంపల్లో ఒకటే నొప్పి, వంగితే తల పగిలిపోతోంది. పోపులో వెల్లుల్లి మాడితే మా అత్తమ్మ పోశవ్వ ముందు గదిలోంచి అరిచింది, ఏందే యమునా, ఇల్లు కాలవెడుతున్నవా అని. పొయ్యి ముందు నిలబడ్డ నాకు తెలియలేదు.

వాసన పోయింది. ఎవరికైనా పోవచ్చు, నాకు పోకూడదు. మా ఆయన భూపాల్ తాగుడు మానేసి రెండు నెలలు. గని నుంచి షిఫ్టు దిగి రాగానే గడపలో నిలబడి నా మొహం మీద ఊదాలి. మందు వాసన వస్తే పాపను తీసుకుని కమాన్‌పూర్‌లో మా అమ్మ దగ్గరికి పోతానని ఒట్టు పెట్టాను. అప్పటి నుంచి మా సంసారం నా ముక్కు మీదే నడుస్తోంది.

ఇవాళ ఊదాడు. ఏమీ తెలియలేదు. సరే, లోపలికి రా అన్నాను. ఇంకేమనాలి?

నవంబర్ 11

దవాఖానకు వెళ్లాను. డాక్టర్ భవ్య చెంపలు నొక్కి చూసి, వైరల్ సైనసైటిస్ అంది. ఆంటీబయాటిక్ రాయండి మేడమ్ అంటే, వైరస్‌కి అది పనిచెయ్యదమ్మా, దానంతటదే తగ్గుతుంది అంది. నొప్పికి పారాసిటమాల్, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, రెస్ట్. పది రోజులు దాటినా తగ్గకపోతే, తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువైతే రమ్మంది. కంటి చుట్టూ వాస్తే మాత్రం వెంటనే రావాలట. వాసన ఎప్పుడొస్తుంది అంటే, వాపు తగ్గితే వస్తుంది, కొందరికి వారాలు పడుతుంది అంది.

వారాలా! నా ముక్కుతో నాకున్న అవసరం ఆమెకెలా చెప్పను?

దారిలో మెడికల్ షాపు సదానందం అన్న, చీమిడి పచ్చగున్నదంటె ఆంటీబయాటిక్ గోలీలు మింగాలె చెల్లె, జల్ది తగ్గుతది అన్నాడు. డాక్టరమ్మేమో రంగు చూసి చెప్పలేం అంది. ఎవరి మాట నమ్మాలి? స్ట్రిప్ కొన్నాను. మింగలేదు. బీరువా మీద పెట్టాను.

నవంబర్ 12

అత్తమ్మ జలుబుకని వాము మూట కట్టి ఇచ్చింది. ఎంత పీల్చినా ఉత్త గాలే. వాసన పోయిందని మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నవంబర్ 13, గురువారం సాయంత్రం

భూపాల్ ఆలస్యంగా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బొగ్గు దుమ్మో, మరేదో. మెల్లగా ఊదాడు. నేను దగ్గరికి జరిగి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. చూపు తిప్పుకున్నాడు.

అడగాలా? అడిగితే నా ముక్కు సంగతి బయటపడుతుంది. బయటపడితే ఇక అతనికి అడ్డేముంది? అత్తమ్మను వాసన చూడమందామంటే, ఆమెకు కొడుకు దగ్గర ఎప్పుడూ మల్లెపూల వాసనే.

సరే, రా అన్నాను. అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. తాగాడా? అలిసిపోయాడా? పిచ్చెక్కుతోంది నాకు.

నవంబర్ 15

నొప్పి తగ్గింది. వాసన లేదు. భూపాల్ నోరు విప్పడం లేదు, కానీ ఉప్పునీళ్లు తనే కాచి ఇస్తున్నాడు. ఇది ప్రేమో భయమో అర్థం కావడం లేదు.

నవంబర్ 18

పొద్దున చాయ్‌లో అల్లం వాసన తగిలింది! ఏడుపొచ్చేసింది. స్ట్రిప్ విప్పకుండానే తగ్గింది.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు కిటికీలు అదిరిన కాసేపటికి భూపాల్ వచ్చాడు. ఊదాడు. చెమట, బొగ్గు, ఉల్లిగడ్డ. మందు లేదు. ఆనందం పట్టలేక నవ్వేశాను.

నా నవ్వు చూసి గడపలోనే కూలబడ్డాడు. మొన్న గురువారం తాగిన యమునా, లింగమూర్తి కాక రిటైర్మెంట్ దావత్‌ల అన్నాడు. వాసనొచ్చినా నువ్వు ఒక్క మాట అనలె. తిట్టినా ఓర్చుకుందును. సరే రా అన్నవు సూడు, ఆ మాటకే సచ్చిపోయిన. మల్ల ముట్టలె, ఇగ ముట్ట అని ఏడ్చాడు.

ఒట్టు ప్రకారం బట్టలు సర్దుకోవాలి. కోపం ఉంది. కానీ నేను ఇవ్వని క్షమను పట్టుకుని మనిషి మారుతున్నాడు. నాకు వాసనే రాలేదని చెప్పాలా? చెబితే ఏమవుతాడు? ముక్కు వచ్చింది, బుర్ర పోయింది. అతని తల మీద చెయ్యి వేశాను, అంతే.

నవంబర్ 19

ముక్కు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. భూపాల్ వచ్చి గడపలో నిలబడ్డాడు.

రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకున్నాను.

ఊదు అన్నాను.