పెదనాన్న తిప్పిన చక్రం

పెదనాన్నగారికి నమస్కారం.

ఈ పొట్లం విప్పేముందు ఉత్తరం చదవండి.

చూపు తగ్గిందని మీరు నాకిచ్చిన, ఇనుము చెక్కే చిన్న మిల్లింగ్ మిషన్‌ను కంప్యూటరుతో నడిచేలా మార్చాను కదా. పాత ప్రింటర్ల మోటార్లు బిగించి చౌకలో కానిచ్చాను. మొన్న మీరొచ్చి, "నాలాగా విసుక్కోదు, మంచిదే" అని మెచ్చుకున్నారు. కానీ మీ కుడిచెయ్యి చక్రం ఉండే చోటికి వెళ్లి, ఊరికే వెనక్కి వచ్చింది.

"చేత్తో తిప్పే చక్రం ఏదిరా?" అన్నారు.

"లోపల దాచాను" అన్నాను.

"అయితే పంపించు. రిటైరయ్యాక నాకు తోడు అదే" అన్నారు.

దాచలేదు పెదనాన్నా. మోటారును స్క్రూకు కలిపే జాయింటుకు బదులుగా దాన్ని పాత ఇనుప కొట్టులో ఇచ్చేశాను. మీరు అడిగాక పరుగెత్తాను. అప్పటికే కరిగించడానికి పంపేశారట.

పొట్లంలో ఉన్నది కొత్తది. పాతదానికి మీ బొటనవేలి కింద అరిగి నున్నబడిన చోటు ఉండేది. దీనికీ అలాంటిది చేసి, అదేనని మీ చేతిలో పెడదామనుకున్నాను. గరుకు కాగితంతో సగం రుద్దాక చెయ్యి ఆడలేదు.

తడిమితే ఒక పక్క గీతలు తగులుతాయి. అవి నావి.

మీకు మొహం చూపించలేని
మీ తమ్ముడి కొడుకు