సోఫా మీద మైనం మరక

మంగళవారం

మా అమ్మాయి జ్యోతికి పోర్టులో క్రేన్ నడిపే ఉద్యోగం వచ్చేసింది! నా బంగారు తల్లి!

అది ఫోన్ చేసేసరికి ఇంట్లో కరెంటు లేదు. చేతిలో కొవ్వొత్తి ఉందని మరిచి గంతులేశాను. మైనమంతా కోడలి కొత్త లెదర్ సోఫా మీద పడింది. ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన నాకు వేడి తప్ప ఇంకేం తెలుసు? కరెంటు రాగానే కాగితం వేసి ఇస్త్రీ పెట్టె పెట్టాను. తోలు ముడుచుకుపోయింది.

జ్యోతి స్వీట్లతో ఇంటికొచ్చిన కాసేపటికి కోడలు వచ్చి చూసింది. "ఏటి మావయ్యా ఇది? ఐసు ముక్క పెడితే పెచ్చులా ఊడొచ్చేది కదా! ఎవరు సేసారు?"

"జ్యోతి" అనేశాను.

జ్యోతి నావైపు ఒక్కసారి చూసి, "నానే వదినా, సూసుకోలేదు" అంది.

ఇంత సంతోషం తెచ్చిన పిల్ల మీదే నింద వేశాను. అది తెచ్చిన స్వీటు కొరక్కుండానే పక్కన పెట్టేశాను.

రేపు ఉద్యోగం కబురు చెప్పాల్సినవాళ్లు: సబ్బవరం అక్క, దువ్వాడ బావ, పరవాడ తమ్ముడు. వాళ్లందరికంటే ముందు కోడలికి, ఆ ఇస్త్రీ పెట్టె పట్టింది నేనేనని...