కూర్చోబెట్టి తీసే కొలత

కొలంబో రేవు నుంచి

అక్కకు,

తమ్ముడు యాదగిరి దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. నేను గట్టిగా ఉన్నాను, వేళకు తింటున్నాను, నా గురించి ఎవరూ ఫికరు పెట్టుకోవద్దు. నువ్వూ బావా బాగున్నారా? అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? దవాఖానకు వెళ్ళమంటే రేపు రేపు అంటుంది, నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకుపో. బాపు ఎట్లా ఉన్నాడు? ఆయనను నేను అడిగానని చెప్పు. వింటే విన్నాడు, లేకపోతే లేదు.

ఈ ఉత్తరం నువ్వు ఎట్లాగూ కొట్లోనే కూర్చుని బాపు మిషన్ పక్కన గట్టిగా చదువుతావని నాకు తెలుసు. కొట్టు బోర్డు మీది పేరు తప్ప ఆయనకు తెలుగు అక్షరాలు రావు కదా. అందుకని ఎక్కడ గట్టిగా చదవాలో, ఎక్కడ మింగెయ్యాలో నేనే చెబుతాను. ఇప్పటిదాకా చదివింది పరవాలేదు.

ముందు ఓడ సంగతి. అమ్మ అనుకుంటున్నట్టు ఇది పడవ కాదు. మన నాంపల్లి స్టేషను, దాని పక్క సరాయి, అబిడ్స్‌లో సగం దుకాణాలు కలిపి నీళ్ళ మీద పెడితే ఎంతో అంత. ఇందులో ఎక్కేవాళ్ళకు వెళ్ళవలసిన ఊరంటూ ఏమీ లేదు. తినడానికి, గాలి పీల్చుకోవడానికి, రేవు రేవులో దిగి ఫొటోలు తీసుకోవడానికి ఎక్కుతారు. పని లేకుండా ఇంత ప్రయాణమా అని మొదట్లో నాకు నవ్వు వచ్చేది. మనవాళ్ళు కూడా పుష్కరాలకు వెళితే స్నానం కన్నా దారిలో తిన్న మిర్చీల గురించే ఎక్కువ చెబుతారు కదా, అదే ఇది అనుకున్నాను.

వీళ్ళలో కొత్తవాళ్ళెవరో పాతవాళ్ళెవరో చూడగానే చెప్పెయ్యవచ్చు. కొత్తవాళ్ళు పెద్ద పెద్ద ట్రంకులు తెచ్చుకుంటారు, పై అంతస్తులో కిటికీ ఉన్న గదే కావాలంటారు, ఓడ కాస్త ఊగగానే బకెట్ పట్టుకుంటారు. పాతవాళ్ళు చిన్న సంచితో వచ్చి, కింద అంతస్తులో నడిమధ్య గది అడిగి తీసుకుంటారు. అక్కడ ఊపు తక్కువ. సంచిలో ఒక తాడు ఉంటుంది. తమ బనియన్లు తామే ఉతుక్కుని స్నానాలగదిలో ఆరేసుకుంటారు! దొరసానులు కూడా అంతే. లోపల ఏసీ చలికి కొత్తవాళ్ళు వణుకుతుంటే పాతవాళ్ళు శాలువా కప్పుకుని హాయిగా కూర్చుంటారు. అమ్మ రైలెక్కితే చేసే పనులే ఇవన్నీ.

నాకు వంట ఒక్కటే బాధ. పనివాళ్ళ భోజనంలో అన్నం, చేపలు పెడతారు, కడుపు నిండుతుంది కానీ నాలుక ఎండిపోతోంది. పచ్చిపులుసు కలలోకి వస్తోంది. నా గదిలో ఉండే గోవా వాడు మంచివాడు, నాకు దిగులు కలిగినప్పుడల్లా పాట పాడతాడు. గొంతు బాగుండదు, అందుకని దిగులు మానేశాను.

ఇక్కడి నుంచి గొంతు తగ్గించు.

నేను వచ్చేటప్పుడు బాపు ఏమన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది. "నడి సంద్రంల ఎవని కొలత తీస్తవ్ రా? అలలదా? పోతె పో. గీడ నా మిషన్ నేను తొక్కుకుంట." ఆ రోజే నల్ల రంగు డబ్బా తెచ్చి, కొట్టు మీద 'మల్లయ్య అండ్ సన్' అన్న బోర్డులో 'అండ్ సన్' మీద పూసేశాడు. నేను పెట్టె పట్టుకుని గడప దాటుతుంటే కూడా మిషన్ ఆపలేదు. బాపు మనసుకు ఏదైనా తగిలితే తప్ప కాలు ఆపడని మనకు తెలుసు. ఆ చప్పుడు స్టేషను దాకా నా వెంట వచ్చింది అక్కా. అబిడ్స్‌లో పెద్ద దర్జీ దుకాణంలో నేను పనికి చేరినప్పుడే ఆయనకు సగం కోపం ఉండె. ఓడ అనేసరికి మిగతా సగం కూడా వచ్చింది.

అంత పంతం పట్టి వస్తే ఇక్కడ నాకు ఏం ఎదురైందో తెలుసా? ఓడలో దర్జీ గది పెట్టింది సూట్లు సరిచెయ్యడానికి, కోట్లు ఇస్త్రీ చెయ్యడానికి. తీరా చూస్తే ఈసారి నుంచి కంపెనీవాళ్ళు పద్ధతి మార్చారు. కోటూ టై ఇంట్లో పెట్టి రండి, మనసైనప్పుడు తినండి, నచ్చినవాళ్ళతో కూర్చోండి అని కాగితాలు అచ్చువేశారు. మరి లుంగీలో వెళ్ళవచ్చా అంటే అదీ కాదు. సాయంత్రం భోజనాల హాలులోకి నిక్కరుతో, ఈత బట్టలతో రానివ్వరు. పెద్దింటి పెళ్ళికి మామూలుగా వచ్చినట్టు కనబడాలి, ఆ మామూలులోనే పెద్దరికం తెలియాలి. నాకు సూట్లు లేవు, పని లేదు. గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పుడే కొంప మునిగే పని చేశాను. ఒక కుర్రదొర జీన్ ప్యాంటు పంపాడు, గుండీ ఊడింది కుట్టమని. చూస్తే మోకాలి దగ్గర చిరుగు, కింద అంచులన్నీ పోగులు. చిరిగిన బట్టను చిరుగుతోనే తిరిగి పంపితే దర్జీకి నామోషీ అని వింటూ కదా మనం పెరిగింది. పాపం సిగ్గుపడి చెప్పలేదేమో అనుకుని, ఎక్కడ చిరిగిందో ఆ బ్రహ్మదేవుడికి కూడా తెలియనట్టు పోగు పోగూ కలిపి రఫూ చేసి, అంచులు మడిచి కుట్టి, కత్తిలాంటి మడత పెట్టి ఇస్త్రీ చేసి పంపాను. పైసా అడగలేదు. అతను దాన్ని పట్టుకుని నా గదికి వచ్చాడు. మొహం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టు ఉంది. ఆ చిరుగు పడడానికి ఏళ్ళు పట్టిందట! దాని కోసమే ఆ ప్యాంటు అంటే ప్రాణమట! ఏం చెప్పను అక్కా, భూమి చీలితే దూరుదామంటే కింద భూమి కూడా లేదు, నీళ్ళే.

ఆ సంగతి పర్సర్ దాకా పోయింది. పర్సర్ అంటే ఓడలో ప్రయాణికుల మంచిచెడ్డలన్నీ చూసే పెద్ద ఆఫీసరు. కోప్పడలేదు, అందుకే భయం వేసింది. "ఈ గదికి పని లేదు. ఉన్న పని ఇట్లా అయింది. బొంబాయి చేరేలోపు దీని అవసరం నాకు కనబడకపోతే కుర్చీలు పెట్టుకునే గది చేస్తాను, నువ్వు ఇంటికి వెళ్ళిపోవచ్చు" అన్నాడు. ఇంటికి అన్న మాట విన్నాక నాకు మొదట కనబడింది ఆ నల్ల రంగు. అంత పౌరుషంగా వచ్చి, బోర్డు మీద పేరు లేని కొట్టుకు ఏ ముఖం పెట్టుకుని తిరిగి రావాలి?

ఇక నుంచి గట్టిగా చదువు. బాపు వినకపోతే ఇంకా గట్టిగా చదువు.

ఒక సాయంత్రం ఒక పెద్దావిడ నా గది ముందు నిలబడి లోపలికి రావాలా వద్దా అని తటపటాయించింది. రమ్మన్నాను. వాళ్ళాయనకు తమ ఊళ్ళో రొట్టెల దుకాణం ఉంది. జీవితమంతా పొయ్యి ముందు గడిపి, ఇప్పుడు కొడుక్కి అప్పజెప్పి ఓడ ఎక్కాడు. ఇక్కడి తిండికి నడుము పెరిగి ఒక్క ప్యాంటూ పట్టడం లేదు. నిక్కరుతో హాలుకు రానివ్వరు. అందుకని సిగ్గుపడి గదిలో కూర్చుని రొట్టె ముక్కలు తింటున్నాడు, ఈమె ఒక్కతే హాలుకు వెళ్ళి తిని వస్తోంది. "కలిసి తినడానికే కదా మేము వచ్చింది" అంది. ఆయన ప్యాంట్లన్నీ తెమ్మన్నాను.

ప్యాంట్లు విప్పి చూశాను. అన్నీ కొనుక్కున్నవే, లోపల మడతలో వేలెడు బట్ట లేదు. బాపు కుట్టిన ప్యాంటైతే రెండుసార్లు వదులు చెయ్యవచ్చు. "మనిషి పెరుగుతడు, బట్ట పెరగదు, దాని వాటా లోపల దాచిపెట్టాలె" అంటాడు కదా. సరే, కొత్తది కుడదామని పెద్దాయనను పిలిచి టేపు పట్టాను. పట్టగానే ఆయన పొట్ట లోపలికి పీల్చాడు. అబిడ్స్ దుకాణంలో అయితే అద్దం ముందు నిలబెట్టి ఆ కొలతే రాసుకునేవాళ్ళం. నాకు మన కొట్లో స్టూలు గుర్తుకొచ్చింది. బాపు అందరినీ ఏమడుగుతాడు? "అన్నం తిన్నవా? తినకుంటె తినిరా. గీడ కూసో. నిలబడ్డోడు పొట్ట దాస్తడు, కూసున్నోడు దాయలేడు." జనం నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఇక్కడ ఆ పెద్దాయనను ఏదైనా తిని రమ్మని పంపి, వచ్చాక స్టూలు మీద కూర్చోబెట్టి, కబుర్లలో పెట్టి కొలత తీశాను. నిజం బయటపడింది. అమ్మో, ఎంత నిజమో!

పనివాళ్ళ యూనిఫారాల కోసం తెచ్చిన నీలం బట్ట మిగిలి ఉంది. దానితో మన పైజామా కోత కోశాను. ముందు వైపు ప్యాంటులాగే గుండీలు, జేబులు, మడత అన్నీ పెట్టి, నడుముకు లోపల నాడా తిప్పాను. పైన చొక్కా పడితే ఎవరికీ తెలియదు. తిన్నకొద్దీ వదులు చేసుకోవచ్చు.

అది వేసుకుని పెద్దాయన భార్య చెయ్యి పట్టుకుని హాలుకు బయలుదేరాడు. నేను వంటగది తలుపు సందులోంచి చూస్తున్నాను. గుమ్మం దగ్గర నిలబడే అతను ఆపాడు. ఇది ప్యాంటా, రాత్రి పడుకునే పైజామానా అని అనుమానం. నాడా కొస ఒకటి బయటికి వచ్చింది, నా ఖర్మ! పర్సర్‌ను పిలిచారు. ఆయన ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు. నా ప్రాణం అరచేతిలోకి వచ్చింది. ఆయన "దీన్ని ఏమంటారు?" అని అడిగాడు. పెద్దాయన అన్నాడు: "మీ ఇష్టం వచ్చినట్టు పిలుచుకోండి. నా భార్య పక్కన కూర్చుని భోజనం చెయ్యనిస్తే చాలు." పర్సర్ వాళ్ళిద్దరినీ లోపలికి తీసుకుపోయాడు. తర్వాత తనే కుర్చీ వెనక్కి లాగి ఆయనను కూర్చోబెట్టాడు.

ఆ పెద్దావిడ ఆ రోజు తినడం తక్కువ, ఆయన ముఖం చూసుకోవడం ఎక్కువ. నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. వంటవాడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాటి నుంచి చూడాలి నా గది ముందు! రొట్టెల పెద్దాయన అందరికీ చెప్పేశాడు. ఆడవాళ్ళు గౌన్లు వదులు చెయ్యమని, మగవాళ్ళు నాడా ప్యాంట్లు కుట్టమని వచ్చారు. ఎవరు వచ్చినా ముందు స్టూలే. జీన్ ప్యాంటు కుర్రవాడు కూడా వచ్చాడు, చేతులు జోడించి "దీన్ని బాగుచెయ్యకు, వదులు మాత్రం చెయ్యి" అన్నాడు. అందరికన్నా చివర ఎవరు వచ్చారనుకున్నావు? పర్సర్. లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, తన యూనిఫారం నడుము దగ్గర కాస్త పట్టేస్తోంది అన్నాడు. "అన్నం తిన్నారా?" అని అడిగాను. తిన్నానని ఒప్పుకుని బుద్ధిగా స్టూలు మీద కూర్చున్నాడు. లేచి వెళ్ళేటప్పుడు, ఈ గది ఇక్కడే ఉంటుంది, నువ్వూ ఉండు అన్నాడు. తలుపు మీద పేరు కూడా రాయించుకోమన్నాడు.

రంగులవాడు డబ్బా పట్టుకుని వచ్చి ఏం రాయాలని అడిగాడు. నేను కాగితం మీద రాసి ఇచ్చాను. ఏం రాశానో చివర చెబుతాను.

బొంబాయిలో ఓడకు మరమ్మతు ఉంది. ఇంటికి వచ్చి పోయేంత సెలవు ఇస్తామన్నారు. అమ్మతో చెప్పు, మామిడికాయ తొక్కు, జొన్న రొట్టె సిద్ధంగా పెట్టమని. సుల్తాన్ బజార్‌లో మెత్తటి నూలు నాడాలు దొరుకుతాయి, బావతో ఒక పెద్ద కట్ట తెప్పించి ఉంచు. ఇక్కడివి తడిస్తే బిగుసుకుపోతున్నాయి. పైజామాకు ఆసనం దగ్గర, రెండు కాళ్ళు కలిసేచోట, బాపు పెట్టే ఆ చదరపు ముక్క ఉంది కదా, అది నాకు సరిగ్గా కుదరడం లేదు. మెట్లెక్కేటప్పుడు పట్టేస్తోందని ఇద్దరు అన్నారు. అది ఆయన పక్కన కూర్చుని నేర్చుకోవాలి. నేర్పుతాడా అని అడుగు. అడిగేది మల్లయ్య కొడుకు కాదు, ఒక దర్జీ అని చెప్పు. అప్పుడైనా వింటాడేమో.

అమ్మకు, బాపుకు నా దండాలు. బావకు నమస్కారాలు. అందరూ నన్ను చల్లగా ఉండమని ఒక్కసారి అనుకోండి, ఆ మాట నీళ్ళ మీద కూడా చేరుతుంది.

ఇక ఆ తలుపు మీది పేరు. కవరు మీద పంపినవారి పేరు దగ్గర కూడా అదే రాశాను. మన పోస్ట్‌మాన్ ఉత్తరం లోపలికి ఇచ్చే ముందు పంపినవారి పేరు సందంతా వినేటట్టు చదువుతాడు కదా. 'మల్లయ్య అండ్ సన్, దర్జీలు, ఓడ మీద నుంచి' అని ఈపాటికి అరిచే ఉంటాడు. బాపు అక్కడ చెరిపాడు, ఇక్కడ నేను రాశాను. ఇక ఆయన ఇష్టం.

అక్కా, బొంబాయి చిరునామా వెనక రాశాను. దానికి ఒక కార్డు ముక్క పడెయ్యి. వేరే ఏమీ రాయనక్కరలేదు. పోస్ట్‌మాన్ ఆ పేరు చదివినప్పుడు బాపు మిషన్ ఆపాడా, లేదా?

నీ తమ్ముడు
యాదగిరి