ఎవరూ ఎక్కలేని కప్పు

గురువారం రాత్రి, జమ్మలమడుగు

ప్రార్థన మందిరానికి గాలి దిండ్ల కప్పే వేస్తామని ఈరోజు పార్టీ నాయకుడు ఓబులేసు ముఖం మీదే చెప్పి వచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకోను.

పార్టీ తరఫున స్లాబు వేయిస్తానని అతడు నెల రోజులుగా నా వెంట పడుతున్నాడు. ఇంజనీరు గ్రేసమ్మ ఇచ్చిన నమూనా చూపించాను. అద్దంలాంటి రెండు ప్లాస్టిక్ పొరలు, మధ్యలో గాలి. చిన్న మోటారు ఆ గాలి తగ్గకుండా చూస్తుంది. ఓబులేసు దాన్ని వేలితో పొడిచి నవ్వాడు.

“ఏంది పాస్టరప్పా, దేవునికి బుడగ కట్టిస్తాండావా? దీని మీద మనిషి నిలబడేదెట్లా?”

“నిలబడగూడదనే గదప్పా! పోయిన ఎలక్షన్లకు నీ మనుషులు బడి మిద్దె మీదికి బాంబుల బకెట్లు ఎక్కించినారు. నా మందిరం పోలింగు బూతుకు ఎదురుగ్గా ఉండాది. నీకు స్లాబు ఎందుకో నాకు తెల్దా?”

నవ్వు ఆగిపోయింది. “కరెంటు తీగ తెగితే నీ దిండు తుస్సుమంటాది, చూసుకో” అన్నాడు.

లేఖనంలో రోగిని యేసు ముందుకు దించడానికి ఇంటి కప్పు విప్పారు గానీ, కప్పెక్కి ఎవరి మీదా రాళ్లు వేయలేదు.

తీగ తెంచుతాడేమోనని నాకూ భయమే. గాలి పోతే పొర వేలాడుతుంది గానీ, స్లాబులా కూలి మనుషుల్ని చంపదని గ్రేసమ్మ అంది. మరి వాన నీళ్లు నిలిస్తే... అడగడం మరిచాను.

తెంచనీ. ఆ వేలాడే పొర కిందే నిలబడి ఓబులేసు పేరు పెట్టి ప్రార్థన చేస్తాను. కరెంటు లేకుంటే మైకు ఉండదు, అంతేగా. నా గొంతుకు మైకు ఎప్పుడు కావలసి వచ్చింది?