ఇంట్లో లేనివాళ్ల గుండీలు

అమ్మా, జ్వరం తగ్గింది, అన్నం సయిస్తోంది. నా గురించి బెంగ పెట్టుకోకు.

ఇక్కడ నా పని ఈ పేట పటం గీయించడం. సుద్దముక్క పేటవాళ్ల చేతికిచ్చి నేను పక్కన నిలబడాలి, వాళ్ల వీధులు వాళ్లే గీసుకుంటారు. నిన్న బడి వరండాలో ఇళ్లన్నీ గీశాక, ఇంటికి ఎంతమందో అన్ని గుండీలు పెట్టమన్నాను. టైలరమ్మ తన డబ్బా తెచ్చిచ్చింది. తాపీపని చేసే ఒకావిడ తన ఇంటి గడిలో ఐదు పెట్టింది.

"మీరు నలుగురేగా? మీ అమ్మాయి పనికని వెళ్లి రెండేళ్లయింది," అంది పక్కింటావిడ.

"వెళ్తే? నా కూతురు కాకుండా పోయిందా?" అంటూ ఆవిడ ఐదో గుండీని వేలితో నొక్కి పెట్టింది.

తర్వాత ఒక్కొక్కరే వంగి, దూరాన ఉన్న తమవాళ్లకీ పెట్టడం మొదలెట్టారు. గుండీలు చాలక గులకరాళ్లు ఏరుకొచ్చారు. మా ఆఫీసు కాగితంలో ఇంట్లో ఉంటున్నవాళ్లనే రాయాలి. నేను పక్కన ఇంకో గీత కొట్టి వాళ్లందరినీ రాసుకున్నాను. ఆఫీసులో ఏమంటారో, అననీ.

నీ కళ్లజోడు మార్పించారా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? తన పాపకి ముందుపన్ను ఊడిందని అన్నయ్య రాశాడు, నువ్వెందుకు రాయలేదే? నాన్నకి నా నమస్కారం చెప్పు.

ఒక్క పని చెయ్యి. పాపకి ఓ కాగితమిచ్చి మన ఇల్లు, ఇంట్లోవాళ్లని గీయమను. నా పేరు మాత్రం నువ్వు ఎత్తకు. ఏది గీస్తే అది గీసినట్టే పంపించు.

నీ చిన్నది