ఆరూ నలభై బస్సు ఎక్కినవాళ్ళు

ఏప్రిల్ 9, గురువారం
ఉదయం 8 గం. 10 ని.

చిరంజీవి పిచ్చుకకు,

నాయనమ్మ ఆశీర్వచనాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. తెలిసి తెలిసి అబద్ధం రాయలేను కనుక, నేనూ మీ నాన్నా క్షేమం అని మాత్రం రాస్తున్నాను. మీ అమ్మ సంగతి కింద వస్తుంది.

నీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను. మూతి ముడుచుకోకు, బడి వదిలినా అలవాటు వదల్లేదు.

బస్సు తీసేస్తారట కదా అని ఫోన్లో అడిగావు. మీ అమ్మ పక్కనే ఉంది, చెప్పలేకపోయాను. ఇప్పుడు వివరంగా రాస్తాను.

ఆరూ నలభై బస్సు ఖాళీగా తిరుగుతోందనీ, ఎత్తేస్తామనీ బస్సుల ఆఫీసు వాళ్ళు కౌన్సిలుకి రాశారు. రోజుకి ఏడు టికెట్లే తెగుతున్నాయట. పాసులున్న పిల్లలకీ, అరవై దాటినవాళ్ళకీ, రోగులకీ టికెట్టు కొట్టరు. టికెట్లే లెక్కపెడితే మేమంతా గాలి. కౌన్సిలు గొడవ చేస్తే, సరే, మీరే మనుషుల్ని లెక్కపెట్టి చూపించండి అన్నారు. నలభై రోజుల పాటు పొద్దున్న మన స్టాపులో సగటున ఇరవై మంది ఎక్కితే బస్సు ఉంటుంది. అంటే మొత్తం ఎనిమిది వందల మంది. ఏడు వందల తొంభై తొమ్మిదయితే ఉండదు.

లెక్క ఎవరు పెట్టాలన్న దాని మీద కౌన్సిల్లో రెండు గంటలు అరుచుకున్నారు. తన గుమాస్తా పెడతాడన్నాడు ఛైర్మన్. ప్రతిపక్షం అంటే మన వీధి దర్జీ ఒక్కడే అనుకో. వాడు లేచి, “నీ బావమరిది వ్యాన్లు కొన్న దగ్గర్నుంచీ నీకు బస్సు కంట్లో నలుసైంది. నీ గుమాస్తా ముగ్గుర్ని చూసి ఒకడని రాస్తాడు” అన్నాడట. “మీటరు గుడ్డని ముప్పావు మీటరు చేసేవాడివి, నువ్వా నాకు లెక్కలు చెప్పేది!” అన్నాడట ఛైర్మన్.

చివరికి ఇద్దరూ కలిసి మన వరండాలోకి వచ్చి, మధ్యలో నా కళ్ళద్దాల పెట్టె పెట్టుకుని ఒకే బెంచీ మీద కూర్చున్నారు. స్టాపు మన వరండాకి ఎదురుగానే కదా. “టీచరమ్మా, మీరు రాసింది కాదనే మగాడు ఈ ఊళ్ళో లేడు” అన్నాడు ఛైర్మన్. ఏడో తరగతిలో పదమూడో ఎక్కం రాక బెంచీ ఎక్కినవాడే. “ఆడది కూడా లేదులే” అన్నాడు దర్జీ. ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మాట ఇదొక్కటేనట. నాకు సంతోషం కలగలేదని అనను.

నియమాలు నేనే రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నాను. మెట్టు మీద రెండు పాదాలూ పడితే ఒకరు. చంకలో పిల్లలు లెక్కలోకి రారు. ఎక్కి, కండక్టరుతో తగువు పెట్టుకుని దిగిపోయినవాళ్ళు రారు. నిన్నటికి ఎనిమిది రోజులు, నూట ఎనభై ఏడు మంది. సగటు ఇరవై మూడు దాటింది. కాబట్టి నువ్వు బెంగ పెట్టుకోకుండా పరీక్షలకి చదువుకో.

ఇక మీ అమ్మ. మంగళ, గురు, శని వారాలు డయాలసిస్‌కి వెళుతోంది. యాభై రెండు కిలోమీటర్లు. ఎనిమిదిన్నరకల్లా మంచం మీద ఉండాలి. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి ఇస్తారు. తప్పు పట్టడానికి లేదు, వరసలో ఉన్నవాళ్ళూ రోగులే. ఆ వేళకి చేర్చేది ఆరూ నలభై ఒక్కటే. మీ నాన్న వెంట వెళ్ళి, మూడింటికి ఇల్లు చేర్చి, నాలుగింటికి ఐసు ఫ్యాక్టరీకి పరిగెడుతున్నాడు.

రోజుకి ఏడు వందల మిల్లీలీటర్ల నీళ్ళకి మించకూడదు. కొలగ్లాసు నా దగ్గరే ఉంది. ఈ ఎండల్లో అదెంత శిక్షో తెలుసు, అయినా చెయ్యి జారనివ్వడం లేదు. మీ నాన్న టన్నులకొద్దీ ఐసు చేసి పంపిస్తాడు, మీ అమ్మకి మాత్రం బుగ్గన పెట్టుకోడానికి చిన్న ముక్క. “అత్తయ్యా, ఇది కూడా లెక్కలో వేస్తారా?” అని అడిగింది మొన్న. వేస్తానన్నాను. కరిగితే పద్దెనిమిది మిల్లీలీటర్లు. నవ్వింది. నవ్వేసరికి ఎండిన పెదవి చిట్లింది.

ఆశీస్సులతో,
నాయనమ్మ

ఏప్రిల్ 29, బుధవారం
మధ్యాహ్నం 2 గం.

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీర్వచనాలు. ఈసారి ఒక్క తప్పే ఉంది. మెరుగు.

కాలేజీకి పదో తేదీ నుంచి సెలవులిచ్చారు. పాసు పిల్లలందరూ మాయం. ఒకరోజు పద్నాలుగు మందే ఎక్కారు. లెక్కకి ఈ తేదీలు ఖాయం చేసింది ఛైర్మన్. అందులో ఉన్న తెలివి దర్జీకి తట్టలేదు. నాకు తట్టింది, కానీ తేదీలు మార్చమనడం లెక్క పెట్టేదాని పని కాదని ఊరుకున్నాను.

నిన్నటికి ఇరవై ఎనిమిది రోజులు, అయిదు వందల యాభై ఒక్క మంది. తొమ్మిది తక్కువ.

దర్జీ రోజూ వస్తున్నాడు. మెడలో టేపు తీయకుండానే మెట్ల మీద కూలబడి, “రోజుకి ఒక్క గీత టీచరమ్మా, ఒక్కటంటే ఒక్కటి. దేవుడు కూడా పట్టించుకోడు” అంటాడు. దేవుడు సంతకం పెట్టలేదు, నేను పెట్టాను అన్నాను. మర్నాడు ఛైర్మన్ గుమాస్తా వచ్చాడు. మెట్టు మీద నిలబడి కాలు లోపల పెట్టనివాళ్ళని తీసేస్తే న్యాయంగా ఉంటుందేమో అన్నాడు. నువ్వు గడప మీద నిలబడ్డావు, లోపలికి రాలేదు, కాబట్టి నువ్వు వచ్చినట్టు కాదు, పో అన్నాను.

దర్జీ ఇప్పుడు వేరే ఉపాయం పట్టాడు. జనాన్ని పోగేసి ఊరికే ఎక్కిస్తున్నాడు. సెలూన్ అతను నాలుగు రోజులుగా బస్సెక్కి, తరవాతి స్టాపులో దిగి, ఎండలో రెండు కిలోమీటర్లు నడిచొచ్చి కొట్టు తెరుస్తున్నాడు. “రాశారా టీచరమ్మా నన్ను?” అని కిటికీలోంచి కేకేస్తాడు. ఎక్కాడు, రాశాను. ఎందుకెక్కాడో అడగమని నియమాల్లో లేదు. నిన్న కండక్టరు విసుక్కుని, “ఏమయ్యా, గడ్డం గీయడానికి బస్సులో దుకాణం పెడతావా?” అన్నాడు. బస్సంతా నవ్వింది. మీ అమ్మ కూడా నవ్విందని మీ నాన్న చెప్పాడు.

రాత్రిళ్ళు దాహంతో నిద్రపట్టక తడిగుడ్డ పెదాలకి అద్దుకుంటోంది. ఆ గుడ్డలో నీళ్ళని లెక్కలో వేయడం మానేశాను. ఎవరికీ చెప్పకు.

ఆశీస్సులతో,
నాయనమ్మ

జూన్ 7, ఆదివారం
ఉదయం 10 గం.

చిరంజీవి పిచ్చుకకు,

ఆశీర్వచనాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దిద్దలేదు.

మీ అమ్మ ప్రాణం తీస్తున్నది ఆ ఛైర్మనేనని రాశావు. వాడి మీద పత్రికకి రాస్తానన్నావు, చదువు ఆపేసి వచ్చేస్తానన్నావు. వచ్చి ఏం చేస్తావు? బస్సువి కాలేవు కదా. కోపం తగ్గించుకుని, జరిగింది జరిగినట్టు చదువు.

మే పదో తేదీతో నలభై రోజులూ పూర్తయ్యాయి. చివరి వారం వడగాడ్పులు. సెలూన్ అతను కూడా ఎండదెబ్బ తగిలి పడుకున్నాడు. మొత్తం ఏడు వందల డెబ్భై తొమ్మిది. ఇరవై ఒకటి తక్కువ.

పదిహేనో తేదీ శుక్రవారం కౌన్సిల్ హాల్లో చదివారు. జనం కిటికీల దాకా ఉన్నారు, ఫ్యాన్లు రెండే తిరుగుతున్నాయి. మీ అమ్మ తలుపు దగ్గర, చివరి వరసలో కూర్చుంది. వద్దన్నా వచ్చింది. బస్సుల ఆఫీసు మనిషి నా పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి, ఇంత శుభ్రమైన పుస్తకం తన ఉద్యోగంలో చూడలేదన్నాడు.

దర్జీ లేచి, “ఇరవై ఒక్క మంది కోసం ఊరి కాళ్ళు విరగ్గొడతారా? ఆస్పత్రికి పోయేవాళ్ళు ఏమైపోవాలి?” అని అరిచాడు.

“నన్నంటావేమయ్యా? నేను పెట్టానా లెక్క? మనిద్దరం కలిసేగా అడిగాం” అన్నాడు ఛైర్మన్. తరవాత నా వైపు తిరిగి, చిన్నప్పటిలా చేతులు కట్టుకుని అడిగాడు. “టీచరమ్మా, మీ లెక్కలో ఒక్కటంటే ఒక్క తప్పుందా? ఉందంటే చెప్పండి, ఇప్పుడే ఆపేస్తాను.”

లేచి నిలబడ్డాను. లేదు అన్నాను.

మే ఇరవై నుంచి బస్సు లేదు. ఛైర్మన్ బావమరిది వ్యాను ఉంది. నిండితే కదులుతుంది, తొమ్మిదింటికి ముందు నిండదు. బస్సు పోయాక మీ అమ్మ ఎనిమిదిసార్లు వెళ్ళవలసింది, అయిదుసార్లు వెళ్ళింది. ఆ అయిదింట్లో మూడుసార్లు అప్పు చేసి మాట్లాడిన ఆటోలో, రెండుసార్లు పాలవ్యానులో, క్యాన్ల మధ్య. చీలమండ దగ్గర చుట్టుకొలత పోయిన నెల ఇరవై నాలుగు సెంటీమీటర్లు, ఇవాళ ఇరవై ఎనిమిది. చెప్పులు పట్టడం లేదు. మూడు దిళ్ళు ఎత్తు పెట్టినా పడుకుంటే ఆయాసం వస్తోంది.

ఆస్పత్రి దగ్గర గది తీసుకుందామని మీ నాన్న వెతుకుతున్నాడు. అక్కడ వాడికి పని దొరకలేదు. ఇక్కడి పని మానితే రెండూ పోతాయి. నిన్న పాలవ్యాను తప్పిపోయాక ఇద్దరూ స్టాపు నుంచి వెనక్కి వచ్చారు. మీ అమ్మ కుర్చీలో కూర్చుని, “ఇక చాల్లెండి అత్తయ్యా. తిప్పి తిప్పి ఆయన్ని చంపుతున్నాను” అంది. నేను గట్టిగా కోప్పడ్డాను. ఆమె ఆస్పత్రి ఫైలు సంచిలోంచి తీసి బీరువాలో పెట్టేసింది. అలా పెట్టెయ్యడమే నాకు భయంగా ఉంది.

నువ్వు రావాలనుకుంటే నీ చదువు ఆపి కాదు, మిగిలిన నాలుగు పరీక్షలూ రాసి రా. అప్పటిదాకా మీ అమ్మ ఉంటుందని నేను మాట ఇవ్వలేను. ఇవ్వలేనని తెలిసే రాస్తున్నాను. ఏది చేయాలో నువ్వే నిర్ణయించుకో.

ఆశీస్సులతో,
నాయనమ్మ

తా.క. సంతకం పెట్టి గంటయింది, కవరు అంటించలేకపోయాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు. నిజం పూర్తిగా లేదు.

ఆ నలభై రోజుల్లో మీ అమ్మా నాన్నా పదిహేడుసార్లు ఆ బస్సెక్కారు. నేను వాళ్ళని ఒక్కసారి కూడా రాయలేదు. మీ నాన్న నా తరగతిలో చదివిన మూడేళ్ళూ వాడి పేపరు నేను దిద్దలేదు, పక్క తరగతి మాస్టారికి ఇచ్చేదాన్ని. సొంతవాళ్ళకి సొంత చేత్తో మార్కు వేయకూడదని నా పట్టుదల. ఇదీ అంతే అనుకున్నాను. మావాళ్ళని నువ్వు వేరే కాగితం మీద రాయమని దర్జీకి చెబుదామనుకున్నాను. మొదటి వారం సగటు చూసి, అక్కర్లేదులే అనుకున్నాను. తగ్గడం మొదలయ్యాక చెబితే, గడువు ముంచుకొచ్చేసరికి కోడలు గుర్తొచ్చిందంటారని ఆగాను.

పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు. ఛైర్మన్ అడిగినప్పటికే ఆ గుణకారం నా తలలో అయిపోయింది. ఉంది, ఒక తప్పుంది అని చెప్పడానికే లేచాను. హాలంతా నన్నే చూస్తోంది. నోట్లోంచి లేదు అని వచ్చింది. అంతమంది ముందు నా లెక్కలో తప్పుందని నా నోటితో అనలేకపోయాను. వేరే కారణం ఏదీ లేదు. వెతికాను.

ఇంటికి నడిచి వస్తుంటే మీ అమ్మ, “మమ్మల్ని వేసుకోలేదు కదూ అత్తయ్యా” అంది. మొదటి గురువారం నుంచే తెలుసట. మెట్టెక్కుతూ వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నా చెయ్యి కదిలేది కాదట. మరి హాల్లో ఎందుకు చెప్పలేదే అని అడిగాను. “మీరు లేదన్నాక, అందరి ముందూ నేను ఉందని ఎలా అంటాను?” అంది.

మర్నాడే బస్సుల ఆఫీసుకి నా తప్పు ఒప్పుకుంటూ రాశాను. ఆ బస్సుని వేరే దారికి వేసేశామని, ఇక చేయగలిగింది లేదని నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు. మీ అమ్మ చెప్పనివ్వడం లేదు.

నువ్వు పత్రికకి రాసేటట్టయితే ఛైర్మన్ కంటే ముందు నా గురించి రాయి. ఆ నలభై రోజుల్లో ఆరూ నలభై బస్సు ఎక్కినవాళ్ళు ఎనిమిది వందల పదమూడు మంది.