నర్సింగమ్మ చీర చిరుగు

పాలమూరు

బాపూ, నేను బాగున్నాను. ఈ నెల ఫోన్ రీచార్జి మానేసి కార్డు రాస్తున్నాను, భయపడకు.

నాకు గది కిరాయికిచ్చిన నర్సింగమ్మ పట్టుచీర మేకు తగిలి చినిగింది. నువ్వు చూపినట్టే, ఆ చీర కొంగు చివరి పోగులే లాగి, సూదితో కిందికీ పైకీ నేసి పూడ్చాను. "యాడ చినిగిందో నాకే దొర్కుతలేదు బిడ్డా! ఇగ రాత్రి మెస్సుకు పోకు, నాతోనే రొట్టె తిను" అన్నది. జొన్నరొట్టె, పచ్చిపులుసుతో కడుపు నిండుతోంది.

అమ్మ మోకాలు ఎట్లుంది? దవాఖానకు తీసుకుపోయావా? మగ్గం మీద మిగిలిన రంగు పోగులు పారేయకు, వచ్చినప్పుడు తెచ్చుకుంటాను. వాడలోంచి ఇంకో మూడు చినిగిన చీరలు నా దగ్గరికి వచ్చాయి.

"మగ్గం కూడు పెట్టదు, సదువుకో పో" అని పంపావు కదా. చదువు బాగానే సాగుతోంది బాపూ. కూడు మాత్రం మగ్గమే పెడుతోంది.

అమ్మకూ అవ్వకూ దండాలు.
నీ బిడ్డ మానస